మీ షీటులోని మొక్క ప్రపంచ పటంలో ఎక్కడ పడుతుంది? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

మొక్కలు, పక్షులు, పురుగుల రికార్డులను నలుగురికీ అందుబాటులో పెట్టడం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జీబీఐఎఫ్ గురించే. కొత్తవారి కోసం రెండు మాటలు: పూర్తి పేరు గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ; 2001లో మొదలైన ఈ అంతర్జాతీయ వ్యవస్థ కార్యాలయం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ఉంది. దానికి సొంత మ్యూజియం గానీ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలను షీట్లకు అతికించి దాచే చోటు) గానీ లేవు. ప్రపంచంలోని సంస్థలు ప్రచురించిన రికార్డులను ఒకే మూసలోకి తెచ్చి, ఒకేచోట వెతుక్కునే వీలు కల్పిస్తుంది. ఇప్పటికి 300 కోట్లకు పైగా రికార్డులున్నాయి. ఆ మూస పేరు డార్విన్ కోర్. దాని కాలమ్ పేర్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. మీ ఫైల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాయాలి.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ హెర్బేరియంలో సుమారు 1,800 షీట్లున్నాయి. వివరాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాం. జీబీఐఎఫ్‌లో పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? విద్యార్థులు ఎవరికి వారు పెట్టవచ్చా?
(వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, ప్రకాశం జిల్లా)

ఎవరికి వారు నేరుగా పెట్టడం కుదరదు. సంస్థే ప్రచురణకర్తగా నమోదు కావాలి. కాలేజీ పేరు, బాధ్యులెవరు, ఎలాంటి డేటా ఇవ్వబోతున్నారు అన్న వివరాలతో జీబీఐఎఫ్ సైట్‌లో దరఖాస్తు పెడితే, దాన్ని ఎండార్స్‌మెంట్‌కు, అంటే ఆమోదానికి, పంపుతారు. దీనికి రుసుము లేదు, కానీ కొంత సమయం పడుతుంది. కాబట్టి దరఖాస్తు ముందే పెట్టేసి, జవాబు వచ్చేలోగా ఎక్సెల్ షీటు బాగు చేసుకోండి.

తప్పనిసరి కాలమ్‌లు నాలుగే: ఆకరెన్స్ ఐడీ (రికార్డు గుర్తింపు), బేసిస్ ఆఫ్ రికార్డ్ (రికార్డుకు ఆధారం), సైంటిఫిక్ నేమ్ (శాస్త్రీయ నామం), ఈవెంట్ డేట్ (సేకరించిన లేదా చూసిన తేదీ). హెర్బేరియం షీట్లు కాబట్టి రెండో కాలమ్‌లో అన్ని వరుసలకూ 'ప్రిజర్వ్‌డ్ స్పెసిమెన్' అనే వస్తుంది. కళ్లతో చూసి రాసుకున్నదైతే 'హ్యూమన్ అబ్జర్వేషన్', కెమెరా ట్రాప్‌లో పడితే 'మెషీన్ అబ్జర్వేషన్'. ఈ నాలుగింటితోనే ఫైల్ గట్టెక్కుతుంది గానీ, అంతటితో ఆగితే ఎవరికీ పెద్దగా పనికిరాదు. అక్షాంశం, రేఖాంశం, డేటమ్ (ఆ అక్షాంశ రేఖాంశాలు ఏ కొలత పద్ధతివో చెప్పే పేరు), మీటర్లలో అనిశ్చితి, దేశం కోడ్, రాజ్యం (కింగ్‌డమ్, అంటే మొక్కా జంతువా అన్నది), సేకరించినవారి పేరు, సేకరణ సంఖ్య కూడా ఇవ్వండి.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఆకరెన్స్ ఐడీ దగ్గర. చాలామంది అక్కడ వరుస సంఖ్య వేస్తారు: 1, 2, 3... మరుసటి ఏడు మధ్యలో పది షీట్లు చేర్చి మళ్లీ వరుస పెడితే, కిందివాటి సంఖ్యలన్నీ జరిగిపోతాయి. నిన్నటిదాకా వేప అయిన 412వ నంబరు ఇవాళ రేల అవుతుంది. జీబీఐఎఫ్ ఆ నంబరును బట్టే పాత రికార్డును గుర్తుపడుతుంది, పాత పరిశోధనలు కూడా దానికే ముడిపడి ఉంటాయి. కాలేజీ కోడ్, హెర్బేరియం కోడ్, షీటు మీద అతికించిన యాక్సెషన్ నంబరు, ఈ మూడూ కలిపి ఐడీ తయారుచేయండి. ఒకసారి ఇచ్చాక మార్చవద్దు. మొక్క పేరు తప్పని తేలినా, షీటు వేరే బీరువాకు మారినా ఐడీ అదే ఉండాలి.

తర్వాతి పని ఐపీటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో. సొంత సర్వర్ అక్కర్లేదు, ఇప్పటికే ఐపీటీ నడుపుతున్న సంస్థ దగ్గర ఖాతా అడగండి. ఫైల్ ఎక్కించి, మీ కాలమ్‌లను డార్విన్ కోర్ కాలమ్‌లకు జతచేసి, సేకరణ గురించి వివరం రాసి, లైసెన్స్ ఎంచుకుని 'పబ్లిష్' నొక్కితే అన్నిటినీ కలిపి ఒక జిప్ ఫైల్ చేస్తుంది. జీబీఐఎఫ్ తీసుకునేది ఆ జిప్‌నే. లైసెన్స్‌లు మూడు: ఏ షరతూ లేని సీసీ జీరో, పేరు చెప్పి వాడుకోమనే సీసీ బై, వ్యాపారానికి వాడొద్దనే సీసీ బై ఎన్‌సీ. మా సలహా రెండోది. ఎన్‌సీ పెడితే ఎవరో సొమ్ము చేసుకోకుండా ఆపామన్న తృప్తి ఉంటుంది. కానీ రోడ్డుకో గనికో పర్యావరణ ప్రభావ నివేదిక రాసే కన్సల్టెన్సీ, మీ మొక్క అక్కడుందని తెలిసినా, ఆ రికార్డును పక్కన పెట్టడానికి మీరే సాకు ఇచ్చినట్టవుతుంది.

ప్రశ్న: ఫైల్‌ను జీబీఐఎఫ్ డేటా వ్యాలిడేటర్‌లో పెట్టి చూస్తే వందల హెచ్చరికలు వచ్చాయి. మా కంటికి ఎక్సెల్ షీటు అంతా సరిగ్గానే ఉంది. ఎక్కడ వెతకాలి?
(పరిశోధక విద్యార్థి, తిరుపతి)

ముందు డేటమ్ కాలమ్ చూడండి. మొదటి గడిలో 'డబ్ల్యూజీఎస్84' అని రాసి మూలపట్టుకుని కిందికి లాగితే ఎక్సెల్ దాన్ని వరుస అనుకుంటుంది. రెండో గడి డబ్ల్యూజీఎస్85, మూడోది 86, అలా రెండు వేలు దాటినా ఆగదు. ప్రపంచవ్యాప్తంగా దొరికే తప్పే ఇది. లాగడానికి బదులు గడిని కాపీ చేసి కాలమ్ మొత్తానికీ పేస్ట్ చేయండి.

తర్వాత తేదీలు. ల్యాప్‌టాప్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 03/04/2019 అని కొట్టిన ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయిపోతుంది. 23/04/2019 మాత్రం 23వ నెల లేదు కాబట్టి అక్షరాలుగా అలాగే మిగులుతుంది. అంటే ప్రతి నెలా మొదటి 12 రోజుల తేదీలే చెడతాయి. అందుకే పైపైన చూస్తే ఏమీ తెలియదు. పైగా 1900కు ముందు తేదీలు ఎక్సెల్‌కు తేదీలుగా అర్థమే కావు. పాత షీట్లుంటే ఏడాది, నెల, రోజు మూడు వేర్వేరు కాలమ్‌లలో కొట్టి, తర్వాత 2019-04-03 పద్ధతిలో కలపండి. రోజు తెలియకపోతే 2019-04 చాలు. తెలియని రోజుకు 01 వేయకండి. అలా వేసినవాళ్ల డేటాలో ప్రతి నెలా ఒకటో తారీఖునే పూలు పూస్తాయి.

ఇక స్థానాలు. జీపీఎస్‌లో 14 డిగ్రీల 40 నిమిషాల 30 సెకన్లు ఉంటే దశాంశంలో అది 14.675. దాన్ని తిన్నగా 14.4030 అని కొడితే మొక్క 30 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. కనిపెట్టడానికి ఒక చిట్కా: కాలమ్ మొత్తంలో చుక్క తర్వాతి రెండంకెలు ఎక్కడా 59 దాటకపోతే, నిమిషాలను దశాంశాలుగా కొట్టేశారన్నమాట. అక్షాంశ రేఖాంశాలు తారుమారైతే ఇంకా వింత. మన రెండు రాష్ట్రాల్లో అక్షాంశం 12కూ 20కీ మధ్య, రేఖాంశం 76కూ 85కీ మధ్య ఉండాలి. గిద్దలూరు దగ్గరి మొక్కకు ఈ రెండూ అటూఇటూ అయితే ఉత్తర ధ్రువానికి దాపున ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల మంచులో మొలుస్తుంది. ఖాళీ గడుల్లో సున్నాలు పెట్టినవాళ్ల మొక్కలు ఆఫ్రికా పక్కన అట్లాంటిక్ సముద్రంలో తేలతాయి. ఈ రెండిటినీ వ్యాలిడేటర్ పట్టేస్తుంది. ముప్పై కిలోమీటర్ల తప్పును పట్టలేదు, ఎందుకంటే ఆ చోటు కూడా ఇండియాలోనే ఉంది కదా.

పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల మీంచి స్థానం తీసుకుంటే డేటమ్ దగ్గర డబ్ల్యూజీఎస్84 అని రాయకూడదు. ఆ షీట్లు ఎవరెస్ట్ డేటమ్ మీద గీసినవి. మార్చకుండా వాడితే బిందువు వంద మీటర్లకు పైగా పక్కకు పోతుంది. అడవిలో అదేమంత దూరం కాకపోవచ్చు గానీ, వాగు ఒడ్డునే పెరిగే మొక్కకు అది వేరే లోకం.

ప్రశ్న: మా పాత షీట్ల మీద 'కడపకు ఉత్తరాన 10 కి.మీ.', 'కడప కొండలు', కొన్నిటి మీద ఉత్త 'మద్రాసు ప్రెసిడెన్సీ' అని మాత్రమే ఉంది. వీటికి అక్షాంశ రేఖాంశాలు ఎలా ఇవ్వాలి?
(హెర్బేరియం క్యురేటర్, అనంతపురం)

ఒక చుక్క కాదు, ఒక వృత్తం ఇవ్వాలి. చుక్క ఎక్కడ పెట్టారన్నదాని కంటే ఆ వృత్తం ఎంత వెడల్పన్నదే ముఖ్యం. మొదటి షీటునే తీసుకోండి. పట్టణం మధ్య నుంచి కొలిచారా, అంచు నుంచా? పట్టణం వ్యాసార్ధం 4 కి.మీ. అనుకుంటే అంత తేడా రావచ్చు. 'ఉత్తరాన' అంటే ఈశాన్యానికీ వాయవ్యానికీ మధ్య ఏదైనా కావచ్చు. 45 డిగ్రీలు అటో ఇటో తిరిగితే 10 కి.మీ. దూరంలో అది 7.7 కి.మీ. తేడా. 'పది' అన్నది కొలిచినదా, ఉరమరగా చెప్పినదా తెలియదు. అన్నీ కలుపుకుంటే వృత్తం వ్యాసార్ధం 15 కి.మీ. దాకా వస్తుంది. అనిశ్చితి కాలమ్‌లో 15000 అని రాయండి. జియోరిఫరెన్సింగ్ కాల్క్యులేటర్ అనే ఉచిత పనిముట్టు ఈ లెక్క చేసిపెడుతుంది. ఎక్కడి కొండలో తేలని 'కడప కొండలు' లాంటివాటికి వృత్తం పెద్దదవుతుంది, అవ్వనివ్వండి. 'మద్రాసు ప్రెసిడెన్సీ'కి బిందువే పెట్టకండి. గంజాం నుంచి బళ్లారి, మలబారు దాకా అంతా అందులోనిదే.

లేబుల్ మీద ఉన్న మాటలను మాత్రం స్పెల్లింగ్‌తో సహా ఉన్నవున్నట్టుగా 'వెర్బేటిమ్ లొకాలిటీ'లో రాయండి. జిల్లా పేరు కోసం తంటాలు పడవద్దు. తెలంగాణ 2014లో విడివడింది, అక్కడ 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. సరిహద్దులు మళ్లీ మారవచ్చు. లేబుల్ పాఠం, వృత్తం ఉంటే ఏ నాటి జిల్లా కావాలన్నా కంప్యూటరే తేల్చుకుంటుంది.

ఇంకో చిక్కు కూడా గుర్తుంచుకోండి: దొరికిన చోటే బతికిన చోటు అనుకోలేం. నీలంగా మెరిసే గుత్తి సాలీడును 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. దాని నమూనా దొరికింది గుత్తిలో రైల్వే కలప డిపోలో. వంద సంవత్సరాల తర్వాత, 2001లో, అది మళ్లీ కనబడింది నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో, అంటే గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల అవతల. కలపతో పాటు రైలెక్కి గుత్తి చేరి ఉండాలి. మార్కెట్లో, డిపోలో, నర్సరీలో దొరికిన నమూనాకు ఆ మాట రిమార్క్స్ కాలమ్‌లో తప్పకుండా రాయండి.

ప్రశ్న: నల్లతుమ్మను మేం అకేసియా నిలోటికా అని రాస్తే, జీబీఐఎఫ్‌లో వాచెల్లియా నిలోటికా అని చూపిస్తోంది. మా షీట్లన్నీ దిద్దాలా?
(పీజీ విద్యార్థిని, వరంగల్)

అక్కర్లేదు. అకేసియా అన్న పేరు ఆస్ట్రేలియా తుమ్మలకే ఉంచాలని 2005లో వియన్నాలో, 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశాలు ఖాయం చేశాయి. అందుకే మన నల్లతుమ్మ వాచెల్లియాలోకి, చండ్ర సెనెగాలియాలోకి వెళ్లాయి. మీరిచ్చిన పేరును జీబీఐఎఫ్ చెరిపేయదు, దాన్ని తన పేర్ల పట్టికతో పోల్చి పర్యాయపదంగా జతచేస్తుంది. పాత పేరుతో వెతికినా, కొత్త పేరుతో వెతికినా మీ షీటు దొరుకుతుంది.

మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. పేరు వెనకాల ప్రశ్నార్థకం, 'కావచ్చు', 'జాతి 1' లాంటివి చేర్చకండి. అనుమానం ఉంటే అది 'ఐడెంటిఫికేషన్ క్వాలిఫయర్' కాలమ్‌లో రాయండి. రాజ్యం కాలమ్ ఖాళీ వదలకండి. ప్రునెల్లా అనే ప్రజాతి మొక్కల్లోనూ ఉంది, పక్షుల్లోనూ ఉంది. పియెరిస్ అంటే ఒక పొద, ఒక సీతాకోకచిలుక కూడా. వాటిని విడదీసేది ఆ ఒక్క గడే.

ప్రశ్న: ఒకే పక్షిని ఇ-బర్డ్‌లోనూ, ఐనాచురలిస్ట్‌లోనూ పెడుతున్నాను. రెండూ జీబీఐఎఫ్‌కు వెళ్తాయట కదా, ఒక పక్షి రెండవుతుందా?
(పక్షి ప్రేమికుడు, విశాఖపట్నం)

రెండు రికార్డులవుతాయి, నిజమే. ఒకేలా ఉన్నవాటిని జీబీఐఎఫ్ గుర్తించి జత చూపిస్తుంది గానీ తీసేయదు. అయినా మానుకోనవసరం లేదు. చూసిన పక్షులన్నీ లెక్కపెట్టి, ఎంతసేపు, ఎంత దూరం తిరిగారో రాసిన పూర్తి జాబితాకు ఇ-బర్డ్ సరైన చోటు. ఫోటో ఉన్న సీతాకోకచిలుక, కప్ప, గడ్డి లాంటివి ఐనాచురలిస్ట్‌లో పెట్టండి.

ఐనాచురలిస్ట్ నుంచి వెళ్లాలంటే రికార్డు రిసెర్చ్ గ్రేడ్ కావాలి. ఫోటో గానీ శబ్దం గానీ, తేదీ, స్థలం ఉండాలి, పెంపుడుదో నాటినదో కాకూడదు, గుర్తించినవారిలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువమంది జాతి పేరు మీద ఏకీభవించాలి. ఇవన్నీ ఉండి కూడా వెళ్లడం లేదంటే ఖాతా సెట్టింగుల్లో లైసెన్స్ చూడండి. 'అన్ని హక్కులూ నావే' అని పెట్టుకుంటే రికార్డు గడప దాటదు. రికార్డు లైసెన్స్, ఫోటో లైసెన్స్ వేర్వేరు. ఫోటో మీద హక్కులు ఉంచుకుని రికార్డును మాత్రం వదలవచ్చు.

ప్రశ్న: అరుదైన జంతువుల చోటు బయటపెడితే వేటగాళ్లకు దారి చూపినట్టు కాదా? అసలు పంచుకోకపోవడమే మేలు కదా?
(అటవీ శాఖ ఉద్యోగి, నంద్యాల జిల్లా)

జాతిని బట్టి. గుత్తి సాలీడును పెంపకం కోసం కొనే విదేశీ బేరగాళ్లున్నారు. దాని చెట్టు తొర్ర ఎక్కడుందో చెప్పకూడదు, సందేహమే లేదు. ఎర్రచందనం సంగతి వేరు. శేషాచలంలో అది ఎక్కడుందో దొంగలకు మన సైట్ చూసి తెలుసుకునే అగత్యం లేదు. అక్కడ దాచిపెడితే నష్టపోయేది పరిశోధకుడే. పైగా ఎక్కడుందో ఎవరికీ తెలియని జీవిని ఎవరూ కాపాడలేరు. పూర్తిగా అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకి వచ్చినప్పుడు కాలువ దారి మార్చాలని గట్టిగా వాదించగలిగారంటే, మార్పించగలిగారంటే, ఆ పక్షి ఎక్కడ తిరుగుతుందో నమోదై ఉండబట్టే.

మధ్యేమార్గం స్థానాన్ని మొద్దుబార్చడం. దశాంశం తర్వాత ఒక్క అంకె ఉంచితే 11 కి.మీ. గడి, రెండు ఉంచితే 1.1 కి.మీ. గడి. అసలు బిందువును మీ దగ్గర భద్రంగా ఉంచుకుని, ప్రచురించే ఫైల్‌లో మాత్రమే మొద్దుబార్చి, ఆ సంగతి 'డేటా జనరలైజేషన్స్' కాలమ్‌లో రాసి, అనిశ్చితి పెంచండి. కొందరు ప్రతి రికార్డునూ అసలు చోటి చుట్టూ ఇష్టమొచ్చినట్టు జరుపుతారు. అది పొరపాటు. ఒకే గూటి మీద ఇరవై రికార్డులుంటే వాటి సగటు మళ్లీ గూటి దగ్గరికే చేరుతుంది. ఐనాచురలిస్ట్ ప్రమాదంలో ఉన్న జాతుల బిందువును 0.2 డిగ్రీల స్థిరమైన గడిలో, అంటే సుమారు 22 కి.మీ. చతురస్రంలో, ఎక్కడో ఒకచోట చూపిస్తుంది. గడి మారదు కాబట్టి సగటు తీసినా గడి మధ్యకే వస్తుంది.

అంకెలు మొద్దుబార్చి మాటల్లో దొరికిపోయేవాళ్లు ఎక్కువ. లొకాలిటీ గడిలో 'గుడి వెనక వాగు, రెండో చెక్‌డ్యామ్ పక్కన' అని అలాగే వదిలేస్తారు. ఫోటోలో దాగిన జీపీఎస్ ఇంకోటి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది ఊడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే వెంటే వెళ్తుంది.

ప్రశ్న: మా పంచాయతీ జీవవైవిధ్య కమిటీ తయారుచేసిన ప్రజా రిజిస్టర్‌ను ఇలా ప్రపంచానికి ఇవ్వవచ్చా?
(కమిటీ సభ్యుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా)

మొత్తంగా వద్దు. 2002 జీవవైవిధ్య చట్టం కింద తయారయ్యే ఆ రిజిస్టర్‌లో రెండు రకాల సమాచారం కలగలిసి ఉంటుంది. ఈ ఊళ్లో ఫలానా మొక్క ఉంది అన్నది ఒకటి. దాని వేరు దేనికి మందు, ఎవరు ఎలా వాడతారు అన్నది రెండోది. రెండోది ఊరి జ్ఞానం. ఒకసారి బహిరంగ లైసెన్స్ మీద వెళ్తే వెనక్కి తెచ్చుకోలేం. దాన్ని పక్కన పెట్టి, గ్రామసభ ఒప్పుకుంటే జాతుల పేర్ల పట్టిక మాత్రం ఇవ్వవచ్చు. రిజిస్టర్‌లో చాలావరకు ఏ మొక్కను ఏ రోజు ఎక్కడ చూశారో ఉండదు కాబట్టి దాన్ని ఆకరెన్స్ డేటాగా కాక చెక్‌లిస్ట్‌గా ఇవ్వండి. తేదీ లేనిచోట తేదీ పుట్టించవద్దు.

ప్రశ్న: సీతాకోకచిలుకల సర్వేలో ఏమీ కనబడని రోజు ఏం రాయాలి?
(జంతుశాస్త్ర విద్యార్థి, నల్గొండ)

నడక మాత్రం రాయండి. ఇలాంటివాటికి శాంప్లింగ్ ఈవెంట్ అనే రకం ఉంది. ఒక ఫైల్‌లో నడకలు: ఈవెంట్ ఐడీ, తేదీ, పద్ధతి, 500 మీటర్లు, 30 నిమిషాలు. రెండో ఫైల్‌లో చూసినవి, ప్రతిదానికీ ఏ నడకలోనిదో ఆ ఐడీ. ఏమీ కనబడకపోతే మొదటి ఫైల్‌లో వరుస ఉంటుంది, రెండో ఫైల్‌లో ఉండదు. ఫలానా జాతి కోసమే వెతికి లేదని తేల్చుకుంటే, 'ఆకరెన్స్ స్టేటస్'లో 'ఆబ్సెంట్' అని రాయవచ్చు.

ప్రశ్న: ఎర్రచందనం వ్యాప్తి మీద మోడల్ చేస్తున్నాను. జీబీఐఎఫ్ నుంచి దించుకున్న బిందువులను అలాగే వాడవచ్చా?
(పీహెచ్‌డీ విద్యార్థి, జర్మనీ)

వాడకండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో. తోటల్లో, ఉద్యానవనాల్లో నాటినవి ఎక్కడెక్కడో ఉంటాయి. ముందు వాటిని ఏరండి. ఆ తర్వాత అనిశ్చితి కాలమ్‌లో 301, 3036, 999, 9999 అంకెలు కనిపిస్తే అనుమానించండి, అవి ఎవరూ కొలిచినవి కావు, సాఫ్ట్‌వేర్లు వాటంతటవే నింపినవి. దేశం మధ్య బిందువు, రాజధాని, హెర్బేరియం భవనం మీద పడిన చుక్కలను ఆర్ భాషలోని కోఆర్డినేట్ క్లీనర్ ప్యాకేజీ పట్టిస్తుంది. కోపెన్‌హాగన్‌లోని జీబీఐఎఫ్ కార్యాలయం మీద పడినవాటికి కూడా అందులో ఒక పరీక్ష ఉంది! దారి పక్కన, ఊళ్ల దగ్గర రికార్డులు ఎక్కువగా ఉండటం చెట్టు స్వభావం కాదు, మనుషుల నడక.

దించుకునేటప్పుడు ఆర్‌జీబిఫ్‌లో (జీబీఐఎఫ్ డేటా దించే ఆర్ ప్యాకేజీ) సెర్చ్ ఫంక్షన్ వాడితే లక్ష రికార్డుల దగ్గర ఆగుతుంది, డీఓఐ (ఉటంకించడానికి వాడే శాశ్వత గుర్తింపు) కూడా రాదు. లాగిన్ అయి డౌన్‌లోడ్ ఫంక్షన్ వాడండి. ఆ డీఓఐని థీసిస్‌లో ఉటంకిస్తేనే, అందులో మూడు షీట్లిచ్చిన చిన్న కాలేజీ ఖాతాలో కూడా ఆ ఉటంకింపు జమవుతుంది. ఏరివేత తర్వాత మిగిలిన బిందువులకు 'డిరైవ్డ్ డేటాసెట్' కింద వేరే డీఓఐ నమోదు చేసుకోవచ్చు.

ప్రశ్న: తెలుగు పేర్లు కూడా పంపవచ్చా? మేం పంపితే పిచ్చి గుర్తులు వచ్చాయి.
(టీచరు, ఖమ్మం)

పంపండి, 'వర్నాక్యులర్ నేమ్' కాలమ్ ఉన్నదే అందుకు. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి. ఐపీటీలో ఎక్కించేటప్పుడు క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ దగ్గర కూడా యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి. రెండిట్లో ఏ ఒక్కటి తప్పినా మళ్లీ అవే గుర్తులు వస్తాయి. ఒకసారి అలా సేవ్ అయిన ఫైల్‌ను దిద్దబోకండి, అసలు ఎక్సెల్ ఫైల్ నుంచే మళ్లీ తీయండి.